న్యాయ కళాశాలలో ప్రవేశము

“ప్లీడరుగారు” అను పిలుపు మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. కాని వకీలు, ప్లీడరు, ముఖ్తారు అను పాత తరగతుల స్థానమున అడ్వకేటు అను ఒకే తరగతిని 1961 నాటి అడ్వకేట్ల చట్టము ఏర్పరచెను. ఆ తరగతిలో చేరగోరు విద్యార్థి మొదట దాటవలసిన గడప కళాశాలా ప్రవేశము. అచట చిన్న విషయము తెలియకపోయినను ఒక సంవత్సరము వ్యర్థమగును. కనుక తల్లిదండ్రులును, పిల్లలును కలసి యోచింపదగిన సంగతులను కొన్నిటిని ఇట వివరింతుము.

మార్గములు రెండు. ఇంటర్మీడియట్ పిమ్మట ఐదేండ్ల కోర్సు ఒకటి. ఏదేని పట్టము పొందిన పిమ్మట మూడేండ్ల కోర్సు రెండవది. మొదటి దానిలో బి.ఏ., బి.కాం. వంటి పట్టమును న్యాయపట్టముతో కలిపి బోధింతురు. లెక్కకు ఒక సంవత్సరము కలసివచ్చును. అయినను పదునేడేండ్ల ప్రాయమున న్యాయవాదవృత్తిపై మనసు స్థిరపడనివారు ముందుగా పట్టము ముగించుకొని, పిదప నిర్ణయించుకొనుట నష్టము కాదు. రెండు దారులును చేరునది ఒక్క వృత్తికే.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లో చేసిన నిబంధనల ననుసరించి అర్హతపరీక్షలో సాధారణ వర్గమువారికి నూటికి 45, వెనుకబడిన తరగతులవారికి 42, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 మార్కులు ఉండవలెను. ఇచట ఒక మెలిక కలదు. పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదివి, దూరవిద్య ద్వారా పట్టము పొందినవారు అర్హులే. ఆ పునాదిచదువు లేకుండ సార్వత్రిక విశ్వవిద్యాలయమున నేరుగా పట్టము పొందినవారు అర్హులు కారు. ఉద్యోగము చేయుచు పట్టము సంపాదించుకొన్న వారు పలువురు ఈ సంగతి నెరుగక రుసుము చెల్లించి నిరాశపడుదురు. దరఖాస్తునకు ముందే దీనిని సరిచూచుకొనవలెను.

తెలుగు రాష్ట్రములు రెండింటను కళాశాలల ప్రవేశమునకు లాసెట్ అను పరీక్షలు వేరువేరుగ జరుగును. ప్రశ్నలు 120, కాలము గంటన్నర. సామాన్య జ్ఞానము, తార్కికశక్తికి 30, వర్తమాన విషయములకు 30, న్యాయాధ్యయన అభిరుచికి 60 ప్రశ్నలు కేటాయింపబడినవి. తప్పు జవాబునకు మార్కుల కోత లేదు. కావున ఏ ప్రశ్నను విడువరాదు. ప్రశ్నలు తెలుగులోను ఇయ్యబడును గనుక తెలుగు మాధ్యమమున చదివినవారు జంకనక్కరలేదు.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములకు క్లాట్ అను పరీక్ష వేరుగా కలదు. 1998 లో హైదరాబాదున వెలసిన నల్సార్, 2008 లో విశాఖపట్టణమున ఏర్పడిన దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము దీని పరిధిలోనివే. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము మాత్రము తన పరీక్షను తానే జరుపుకొనును. క్లాట్ ఆంగ్లములోనే యుండును. సుదీర్ఘ గద్యభాగములను చదివి సమాధానము లీయవలెను. తప్పు జవాబునకు పావు మార్కు పోవును. ముఖ్యముగ గమనింపవలసినది కాలము. 2022 నుండి ఈ పరీక్ష డిసెంబరులోనే జరుగుచున్నది. అనగా ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము నడుచుచుండగనే వ్రాయవలెను. వార్షిక పరీక్షలు ముగిసిన పిమ్మట చూతమని కూర్చున్నచో ఆ యేటి అవకాశము దాటిపోవును.

పరీక్షలో నెగ్గుటతో పని ముగియదు. పదవ తరగతి, ఇంటర్మీడియట్, పట్టపు మార్కుల పత్రములు, బదిలీ పత్రము, స్థానికతకు చదువు ధ్రువపత్రములు, వర్తించువారికి కులము, ఆదాయము తెలుపు పత్రములు సిద్ధముగ నుండవలెను. అన్నిటను పేరు, పుట్టినతేది ఒకే విధముగ నున్నవో లేవో ఇంటివద్దనే సరిచూచుకొనుట మేలు. పిదప కళాశాలలను కోరుకొను వరుస వచ్చును. నిజముగా చేరదలచిన కళాశాలలనే, ఇష్టము చొప్పున పేర్కొనవలెను. ఆ కళాశాలకు బార్ కౌన్సిల్ ఆమోదము ఆ సంవత్సరమునకు కలదా యని విచారించుట అన్నిటికన్న అవసరము. ఆమోదము లేనిచోట చదివిన చదువుతో న్యాయవాదిగా నమోదగుట కష్టము.

ఈ చదువు ఉత్తరప్రత్యుత్తరములతో సాగునది కాదు. ప్రతి విషయమునను నూటికి 70 వంతుల హాజరు నిబంధనగా కలదు. పట్టము పొందిన పిమ్మట రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావలెను. చట్టము నిర్ణయించిన నమోదు రుసుము సాధారణ వర్గమునకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలు. అంతకు మించి వసూలు చేయరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వేల రూపాయలు కూడబెట్టలేక వెనుదీసిన పేదయింటి పట్టభద్రులకు ఈ తీర్పు పెద్ద ఊరట. ఆపై అఖిలభారత బార్ పరీక్షలో ఉత్తీర్ణత పొందవలెను.

వ్యాజ్యము నడుపువాడు గడువును, పత్రమును కనిపెట్టి యుండవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ అలవాటు కళాశాల దరఖాస్తుతోనే మొదలుకావలెనని మా సూచన.