నాలుగు బోల్టులు, చుక్క తడి

మే నెల మిట్టమధ్యాహ్నం. బెంజి సర్కిల్ దాటుతుంటే బోనెట్ కింద గరగరమని చప్పుడు మొదలైంది. ఏసీ స్విచ్చి కట్టేశాను, చప్పుడు ఆగింది. మళ్ళీ వేశాను, మళ్ళీ గరగర. పక్క సీట్లో ఉన్న బావమరిది "కంప్రెసర్ పోయింది బావా" అని తేల్చేశాడు. వాడి లెక్క సరైనదే. ఏసీ ఆపినా చప్పుడు ఆగకపోతే పుల్లీ బేరింగును అనుమానించాలి, ఆపగానే ఆగిపోతే లోపలి భాగాలను.

ఇది రెండోసారి. ఆర్నెల్ల కిందట ఒక మెకానిక్ పాతది తీసి కొత్తది బిగించి, గ్యాస్ ఎక్కించి, గంటన్నరలో కారు చేతికిచ్చాడు. అంత త్వరగా చేశాడని అప్పట్లో మురిసిపోయాను. ఈసారి ఇంటి వాకిట్లో మేమే విప్పుదామనుకున్నాం.

విప్పే ముందు అది చేసే పనేమిటో చూద్దాం. ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు, లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది. మోసే కూలీ ఆర్-134ఎ అనే గ్యాస్. మూత బిగించిన కుక్కర్లో నీళ్ళు 100 డిగ్రీలకు మరగవు, 120 దాకా వెళతాయి. పీడనం పెరిగితే మరిగే వేడి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మామూలు గాలి పీడనంలో ఆర్-134ఎ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్లో దాని పీడనం గాలి పీడనానికి సుమారు మూడు రెట్లు. అక్కడ అది సున్నా డిగ్రీల దగ్గర మరుగుతూ కారులోని వేడిని లాగేసుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి గాలి పీడనానికి దాదాపు 17 రెట్ల దాకా నొక్కితే, రేడియేటరు ముందుండే కండెన్సర్లో 60 డిగ్రీల దగ్గర మళ్ళీ ద్రవమైపోతుంది. 60 డిగ్రీల గొట్టానికి మన 42 డిగ్రీల వడగాలి కూడా చల్లగాలే. వేడి బయటికి పోయేది ఆ తేడాతోనే.

కంప్రెసర్ను తిప్పేది ఇంజను బెల్టు. ఏసీ స్విచ్చి వెయ్యగానే టక్కుమని వినిపించేది అయస్కాంతపు క్లచ్ పుల్లీని పట్టుకున్న చప్పుడు. 1940 మోడల్ కార్లలో ప్యాకార్డ్ కంపెనీ అమెరికాలో మొదటిసారి ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి అమ్మినప్పుడు ఈ క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజను ఆపి, బోనెట్ ఎత్తి, బెల్టు ఊడదీసుకోవాల్సిందే. మేం చెమటలు కక్కుతూ చేసిన పనిలో సగం ఆ కారు యజమానులకు చలికాలం వస్తే తప్పని ముచ్చటన్నమాట!

ఇంట్లో చెయ్యకూడనిది ఒకటుంది, అదే అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది. గ్యాస్ తీయించడం. పైపు బోల్టు కాస్త వదులు చేసి 'బుస్సు'మనిపించడం చాలాచోట్ల చూస్తుంటాం. ఎగజిమ్మే ద్రవం చర్మాన్ని గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. గాలిలో కలిసినదాని సంగతి చూడండి. భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-134ఎ, నూరేళ్ళ లెక్కన, 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. చిన్న కారులో 400 గ్రాములుందనుకుంటే 570 కిలోలు దాటుతుంది. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది 2.3 కిలోలు. అంటే ఒక్క బుస్సుతో 250 లీటర్ల పెట్రోలు ఊరికే తగలబెట్టినట్టు. ఆర్-134ఎకి ముందు వాడిన ఆర్-12 ఓజోన్ పొరను తినేస్తోందని, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత కార్లలో దాన్ని మాన్పించి దీన్ని తెచ్చారు. ఇప్పుడు దీన్నీ తగ్గించే పనిలో ఉన్నారు.

అందుకని కారును ముందు రికవరీ మెషిను ఉన్న షాపుకు తీసుకెళ్ళాం. గ్యాస్ లాగించేసి, ఇంటికి నడుపుకొచ్చేశాం. గ్యాస్ లేకపోతే క్లచ్ పట్టుకోకుండా ప్రెజర్ స్విచ్చి చూసుకుంటుంది, కారు నడవడానికి అడ్డేమీ లేదు.

విప్పడం గురించి చెప్పాల్సింది తక్కువ. బ్యాటరీ మైనస్ వైరు తీశాం. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరిగిందో ఫోటో తీసుకున్నాం. టెన్షనర్ వదులు చేసి బెల్టు జార్చి, క్లచ్ వైరు ఊడదీసి, రెండు పైపులు విప్పాం. పట్టి ఉంచే బోల్టులు నాలుగే. ఆఖరిది తీసేటప్పుడు ఇంకో చెయ్యి కింద పెట్టాలి, ఐదారు కిలోల బరువు మరి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవాళ్ళు మాత్రం ఇక్కడే ఆగిపోండి. వాటి కంప్రెసర్కు వెళ్ళే నారింజ రంగు కేబుల్లో వందల వోల్టులుంటాయి.

పైపులు విప్పిన మరుక్షణం వాటి మూతులకు ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేశాం. అసలు కథంతా ఇక్కడే ఉంది. కంప్రెసర్లో ఉండే పాగ్ నూనె గాలిలోని తడిని ఉప్పులా పీల్చుకుంటుంది. కృష్ణా తీరపు గాలిలో తడికి కొదవేముంది? లోపలికి పోయిన ఆ తడి, ద్రవం సన్నటి రంధ్రంలోంచి చిమ్మే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. అది చాలక నూనెతోను, గ్యాస్‌తోను కలిసి ఆమ్లమై లోహాన్ని కొరుకుతుంది. ఆ తడిని పట్టుకోవడానికే డ్రైయర్ అనే చిన్న డబ్బాలో తడి పీల్చే గుళికలుంటాయి. సిస్టమ్ తెరిచినప్పుడు దాన్ని మార్చి తీరాలి. గంటన్నరలో చేసిచ్చినాయన దాన్ని ముట్టుకోలేదు.

పాత కంప్రెసర్ను తలకిందులు చేసి, పనికిరాని పాలసీసాలోకి నూనె వంచాం. కొలత కోసం. మామూలుగా ఎంత వచ్చిందో అంతే కొత్తదానిలో ఉండాలి. తక్కువైతే అరిగిపోతుంది, ఎక్కువైతే కాయిల్ గోడలకు పట్టి చల్లదనం తగ్గుతుంది. కానీ సీసా ఎండలో పెట్టి చూసేసరికి కొలత మాటే మరిచిపోయాం. నల్లటి నూనెలో వెండి మెరుపులు, పట్టుచీర జరీ నలిపి కలిపినట్టు. పిస్టన్లు అరిగి రాలిన అల్యూమినియం పొడి అది. కంప్రెసర్ దగ్గర పుట్టిన పొడి కండెన్సర్లోకి పోయి ఇరుక్కుంటుంది. ఇప్పటి కండెన్సర్ల సందులు ఎంత సన్నమంటే, కడిగినా పూర్తిగా రాదు. మొదటి కంప్రెసర్ మిగిల్చిన పొడే రెండోదాన్ని ఆర్నెల్లకు మింగేసింది. కండెన్సర్ కూడా కొనక తప్పలేదు. మా కారులో డ్రైయర్ దానికే అతికి వస్తుంది కాబట్టి ఆ పనీ అందులోనే అయిపోయింది. వాల్వు మార్చి, మిగతా పైపులు కడిగించాం.

బిగించేటప్పుడు కొత్త ఓ-రింగులకు గ్రీజు కాదు, అదే పాగ్ నూనె రాశాం. బోల్టులన్నీ ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పి, ఆ తర్వాతే పానా పెట్టాం. అల్యూమినియం మరలు ఒకసారి చెడితే బాగుచెయ్యడం పెద్ద తలనొప్పి. కొత్త కంప్రెసర్ నూనెతోనే వస్తుంది. ఆ నూనె సిలిండర్లో చేరి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక విరుగుతుంది, ద్రవం ఆవిరిలా అణగదు కదా. అందుకే బెల్టు వెయ్యకముందే కంప్రెసర్ ముందున్న క్లచ్ పళ్ళేన్ని చేత్తో పది చుట్లు తిప్పాం.

మళ్ళీ షాపుకు. వ్యాక్యూమ్ పంపు పెట్టారు. లోపలి పీడనం గాలి పీడనంలో ముప్ఫయ్యో వంతుకు పడిపోతే నీళ్ళు 25 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతాయి, మిగిలిన తడి పంపులోంచి బయటికి వస్తుంది. ముప్పావుగంట లాగించి పంపు కట్టేశాక అరగంట గేజీ ముల్లు కదల్లేదు. కదిలి ఉంటే ఎక్కడో లీకున్నట్టే. అప్పుడు గ్యాస్ ఎక్కించారు, చేతి అంచనాతో కాదు, బోనెట్ కింద స్టిక్కర్ మీద రాసినంత, తూకం వేసి. స్విచ్చి వేశాను. టక్.

మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. ఎవరైనా "గ్యాస్ అయిపోయింది సార్" అంటే లీకు ఎక్కడో చూపించమనండి. ఎక్కించాక బిల్లులో గ్యాస్ అని ఒక్క మాట రాసి ఊరుకోనివ్వకండి, ఎన్ని గ్రాములో రాయించుకోండి.