సగం బాణం

శంషాబాద్ నుంచి షికాగో ఓహేర్ విమానాశ్రయానికి ఎంత దూరం? గోడ మీది పటం చూస్తే పడమటికి, అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి పోవాలనిపిస్తుంది. గ్లోబు తీసుకుని ఆ రెండు చోట్ల మధ్య దారం బిగించి చూడండి. దారం దాదాపు నేరుగా ఉత్తరానికి లేస్తుంది. 79వ అక్షాంశం దగ్గర ధ్రువ ప్రాంతపు మంచు మీదుగా మలుపు తిరిగి అవతలి వైపు దిగుతుంది. దాని పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు.

దారంతో పని లేకుండా ఈ లెక్క చెప్పే సూత్రం పేరు హావర్‌సైన్. అది పుట్టింది విమానాల కోసం కాదు, ఓడల కోసం.

దాని మూలం ఒక విల్లు. వంగిన బద్ద చాపం, బిగించిన నారి జ్యా, నారి నడుమ నుంచి బద్ద దాకా నిలిచేది శరం. మన ఖగోళ గణితజ్ఞులు వాడిన మాటలివి. ఆ బాణాన్నే సూర్యసిద్ధాంతం ఉత్క్రమజ్యా అంది, యూరప్ వెర్‌సైన్ అంది. ఒకటిలోంచి కొసైన్ తీసేస్తే వచ్చేది అదే. అందులో సగం హావర్‌సైన్.

కొసైన్ ఉండగా ఇది ఎందుకు? ఆనాటి నావికులు పెద్ద గుణకారాలను లాగరిథమ్ పట్టికలతో చేసేవారు. కోణం 90 డిగ్రీలు దాటితే కొసైన్ రుణసంఖ్య అవుతుంది, రుణసంఖ్యకు లాగరిథమ్ దొరకదు. హావర్‌సైన్ ఎప్పుడూ సున్నాకు, ఒకటికి మధ్యనే ఉంటుంది. ఊగే ఓడలో గుర్తులు తారుమారయ్యే భయం తప్పింది. 1805లో జేమ్స్ ఆండ్రూ దీని పట్టికలు అచ్చువేశాడు. 1835లో జేమ్స్ ఇన్మన్ ఆ పేరు పెట్టాడు.

క్యాలిక్యులేటర్లు వచ్చాక పట్టికలు అటకెక్కాయి.

సూత్రం మాత్రం బతికింది. 1984లో ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రికలో రోజర్ సినాట్ దాని విలువను గుర్తుచేశాడు. కొసైన్‌తోనే దూరం కట్టే సూత్రంలో, బాగా దగ్గరి చోట్ల మధ్య కొసైన్ ఒకటికి ఎంత దగ్గరవుతుందంటే, కంప్యూటర్ దాచుకునే అంకెలు చాలక దూరం తప్పుతుంది. హావర్‌సైన్‌కు ఆ ఇబ్బంది లేదు.

అయితే అది భూమిని గుండ్రటి బంతి అనుకుంటుంది. నిజానికి భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వైపు 6,357. ఈ నొక్కుడు వల్ల లెక్క అరశాతం దాకా తేడా రావచ్చు. దూర ప్రయాణాల్లో అది పదుల కిలోమీటర్లు. 1975లో థడ్డియస్ విన్సెంటీ ఈ నొక్కుడునూ కలుపుకొని మిల్లీమీటర్ల వరకు లెక్కించే పద్ధతి ఇచ్చాడు. భూగోళానికి దాదాపు ఎదురెదురుగా ఉన్న చోట్ల అది తేలక చిక్కుకుపోయేది. 2013లో చార్లెస్ కార్నీ ఆ ముడి విప్పాడు.

ఇంత చేసినా పైలట్ ఎప్పుడూ దారం చూపిన ఆ దగ్గరి గీత మీదే ఎగరడు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలులు వెనక నుంచి తోశాయి. విమానం మామూలుకన్నా దాదాపు రెండు గంటల ముందే దిగింది.