పాట తెలుస్తుంది, పులకింత పోతుంది

పాటను పోల్చుకోవడం ఒకటి, దానికి కరిగిపోవడం మరొకటి. మెదడులో ఈ రెండు పనులూ ఒకేచోట జరగవు. అందుకే పక్షవాతం, తలకు తగిలిన దెబ్బ, కణితి తీసే శస్త్రచికిత్స, మతిమరుపు వ్యాధి... ఏదైనా ఒకదాన్ని దెబ్బతీసి రెండోదాన్ని ముట్టుకోకుండా వదిలేయవచ్చు.

చెవి నుంచి వచ్చే ధ్వనిలోని శ్రుతినీ లయనూ కణతల దగ్గరుండే శ్రవణ భాగం విడదీసి గుర్తిస్తుంది. సంగీతంలోని భయాన్ని పసిగట్టడానికి అమిగ్డలా, ఒంట్లో కలిగే కదలికను మనసుకు తెలపడానికి ఇన్సులా అనే మెదడు భాగాలు తోడ్పడతాయి. ఆనందం స్ట్రయేటమ్ అనే లోపలి భాగానిది. నచ్చిన ఘట్టం రాబోతోందని ఎదురుచూసేటప్పుడు అందులోని కాడేట్‌లో, అది వచ్చి ఒళ్లు జల్లుమన్నప్పుడు న్యూక్లియస్ అకంబెన్స్‌లో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ శాస్త్రవేత్తలు చూపారు. హైదరాబాద్ నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ గాయకుడు ఒకే పాదాన్ని తిప్పితిప్పి పాడి ఊరించడం, ఉన్నట్టుండి పైస్థాయికి ఎగయడం సరిగ్గా ఈ రెండు దశలనూ తట్టి లేపే విద్య.

పాటను అనుభూతిగా మార్చే ఇలాంటి భాగాలు దెబ్బతింటే ఏమవుతుందో 2004లో బ్రిటన్ వైద్యులు ప్రచురించిన ఒక కేసు చెబుతుంది. రోగి 52 ఏళ్ల రేడియో అనౌన్సరు. మెదడు ఎడమవైపు ఇన్సులా, అమిగ్డలా ప్రాంతాల్లో రక్తప్రసరణ ఆగి, మాట దెబ్బతింది. తర్వాత మాట కోలుకుంది. రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ పియానో రచనలు విన్నప్పుడల్లా అంతకుముందు ఆయన మైమరచిపోయేవారు. జబ్బు తర్వాత ఆ అనుభూతి మాత్రం తిరిగి రాలేదు. స్వరాలు తెలుస్తున్నాయి, లయ తెలుస్తోంది, పరీక్షల్లో వినికిడి లోపమేదీ లేదు. జీవితమంతా ధ్వనితో గడిపిన మనిషికి ఇంతకన్నా నష్టమేముంటుంది?

దీనికి తలకిందులైన కేసు కెనడాలోని ఐ.ఆర్. అనే మహిళది. రక్తనాళాల ఉబ్బుకు జరిగిన ఆపరేషన్ల తర్వాత ఆమె మెదడులో రెండువైపులా శ్రవణ భాగాలు దెబ్బతిన్నాయి. చిరపరిచితమైన బాణీలను కూడా ఆమె గుర్తుపట్టలేకపోయారు. కానీ వినిపించింది సంతోషమో విషాదమో మాత్రం ఆరోగ్యవంతుల్లాగే చెప్పగలిగారు. అమిగ్డలా రెండువైపులా పాడైన మరో రోగి సంతోష సంగీతాన్ని గుర్తించారు గానీ భయానక, విషాద సంగీతాల దగ్గర తడబడ్డారు. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధిలోనైతే ఒక్కోసారి అంతకుముందు లేని సంగీత దాహం పుట్టుకొస్తుంది.

ఇలాంటి పరీక్షల్లో ఎక్కువగా వాడేది పాశ్చాత్య సంగీతమే. అబిడ్స్‌లో పెరిగిన మనిషికి ఘంటసాల పద్యం, త్యాగరాజ కృతి, ఉర్దూ గజల్, హిందీ సినిమా పాట అన్నీ సొంతమే కావచ్చు. ఆయన స్పందనను కొలవాలంటే ఆయన పాటలతోనే కొలవాలి. మనిషి బతికిన తీరు మెదడు గాయం మీద ప్రభావం చూపుతుందనడానికి హైదరాబాద్‌లోనే ఆధారముంది. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేదా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో దాదాపు 40 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాష వచ్చినవారిలో అది 20 శాతమే.

సంగీతం కోలుకోవడానికీ తోడ్పడుతుంది. 2008లో వెలువడిన హెల్సింకి పరిశోధనలో, పక్షవాతం వచ్చాక రోజూ తమకు నచ్చిన సంగీతం రెండు నెలలు విన్నవారికి మాటల జ్ఞాపకం, ఏకాగ్రత మిగతావారికన్నా ఎక్కువగా మెరుగుపడ్డాయి, దిగులు తగ్గింది. అయితే ఆ రేడియో అనౌన్సరు లాంటి వారికి పాటే బాధ కావచ్చు. ‘వినబడుతోంది గానీ ఏమీ అనిపించడం లేదు’ అని రోగి అంటే ఇంట్లోవాళ్లు దాన్ని విసుగనో, మొండితనమనో కొట్టిపారేయకూడదు. అది గాయం లక్షణం కావచ్చు. కాలూ చెయ్యీ గురించి చెప్పినట్టే దీన్నీ న్యూరాలజిస్టుకు చెప్పండి.