మేనల్లుడు అడిగిన గ్రాఫిక్స్ కార్డు

ఊళ్లోవాళ్లు విదేశాల్లో ఉన్న మనల్ని ఒకప్పుడు సెంటు సీసాలు తెమ్మనేవారు, తర్వాత ఫోన్లు తెమ్మన్నారు. ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్‌ల నుంచి కొత్త కోరిక వస్తోంది: "మామా, వచ్చేటప్పుడు ఒక గ్రాఫిక్స్ కార్డు తెస్తవా?" యూట్యూబ్ చూసి రాసుకున్న విడిభాగాల జాబితా కూడా వెంటనే వాట్సాప్‌లో దిగుతుంది. ఆ జాబితా చాలాసార్లు మంచిదే. కాకపోతే దాన్ని రాసినవాడు ఏసీ గదిలో, నిలకడైన కరెంటు మీద, పెద్ద దుకాణం ఉన్న ఊళ్లో కూర్చున్నవాడు. ఉత్తర తెలంగాణ ఇంటికి వచ్చేసరికి అదే డబ్బుతో ముందు ఏది కొనాలి, ఎక్కడ తగ్గించుకోవాలి అన్న లెక్క మారిపోతుంది.

గేమింగ్ అనగానే ఊళ్లో పెద్దలకు పేకాట యాప్‌లు గుర్తొస్తాయి. పందెం కాసి ఆన్‌లైన్ రమ్మీ ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఇక్కడ మాట్లాడుకునేది అది కాదు. జీటీఏ, వాలరెంట్, క్రికెట్, ఫుట్‌బాల్ లాంటి ఆటల సంగతి. అదే యంత్రం మీద వీడియో ఎడిటింగ్, కోడింగ్ కూడా నడుస్తాయి. ఇంట్లో నాన్నను ఒప్పించడానికి పిల్లలు చెప్పే మాట ఇదే, అబద్ధమూ కాదు.

కంప్యూటర్ కొనడం గోడ ప్లగ్గు దగ్గర మొదలవ్వాలి. ఇనుప క్యాబినెట్‌ను తాకితే చెయ్యి జివ్వుమంటోందని చాలా ఇళ్లలో చెబుతారు. పవర్ సప్లై లోపల కరెంటును శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లు రెండు తీగల నుంచీ బయటి డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్తింగ్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. కరెంటు మోతాదు స్వల్పం కాబట్టి సాధారణంగా జివ్వుమనడంతో సరిపోతుంది గానీ, డబ్బా పట్టుకుని మానిటర్ కేబులో, పెన్‌డ్రైవో గుచ్చేటప్పుడు అదే భాగాలకు గండం. పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించుకునే ఖర్చు బడ్జెట్‌లో మొదటి పద్దు.

రెండో పద్దు పవర్ సప్లై. దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. డబ్బు చాలనప్పుడు అందరూ కోత పెట్టేది దీనిమీదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని స్టిక్కర్ ఉన్నా నమ్మొద్దు. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 550 వాట్లది, మంచి వారంటీతో తీసుకుంటే కార్డు మార్చినా అదే పనికొస్తుంది. ఇక్కడే మనవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికాలో వాడిన పాత ఎస్‌ఎంపీఎస్‌ను సూట్‌కేసులో పెట్టి తెస్తుంటారు. ఇప్పటి మంచి రకాలు 100 నుంచి 240 వోల్టుల దాకా తామే సర్దుకుంటాయి. పాతవాటికి, చవకవాటికి వెనక ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 మీద ఉండగా కరీంనగర్‌లో ప్లగ్గు పెడితే ఠప్పున పేలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో వచ్చే వానలకు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి చిన్న యూపీఎస్ కూడా కావాలి. 600 వీఏది సుమారు 360 వాట్లు మోస్తుంది. ఆట సేవ్ చేసి కంప్యూటర్ ఆపుకునే వ్యవధి దొరికితే చాలు.

ఇక ఎండ. ఆదిలాబాద్, మంచిర్యాల, రామగుండం వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. కార్డు 70 డిగ్రీలే వేడెక్కిందని సమీక్షకుడు చెప్పినప్పుడు అతని గది 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది వేడి 18 డిగ్రీలు పెరిగితే కార్డు వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. ఫ్యాన్లు గట్టిగా తిరిగి కొంత తగ్గిస్తాయి. అయినా హద్దు దాటితే కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. అంటే జనవరిలో కొన్న వేగం మేలో దొరకదు. అందుకే మన వైపు కార్డు ఎంచుకునేటప్పుడు ధర పక్కన వాట్లు కూడా రాసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600కి 132 వాట్లు, ఇంటెల్ ఆర్క్ బీ580కి 190 వాట్లు. ఆర్క్‌లో 12 జీబీ మెమరీ ఉంది, నిజమే. ఏసీ లేని ఆదిలాబాద్ గదికి మాత్రం నా ఓటు మొదటి రెండింటికే. వేసవి నాలుగు నెలలు సాఫ్ట్‌వేర్‌లో కార్డు కరెంటు హద్దును 80 శాతానికి దించితే ఆటలో తేడా పెద్దగా తెలియదు, వేడి మాత్రం తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

దుమ్ము విషయంలో ఒక్కో ఊరిది ఒక్కో తీరు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డు దగ్గర పత్తి నూగు, సిరిసిల్లలో మరమగ్గాల నూలు పొట్టు, గోదావరిఖనిలో బొగ్గు, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ పొడి. ముందు భాగం అద్దంతో మూసేసి రంగు దీపాలు పెట్టిన క్యాబినెట్ ఫొటోలో బాగుంటుంది, గాలి మాత్రం ఆడదు. ముందు జాలీ, దాని వెనక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్, రెండు మూడు ఫ్యాన్లు ఉన్నది చూడమనండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగులు పాడవుతాయి. ఇంకొకటి: మన ఇళ్లలో వేసవంతా నడిచేది నీళ్ల కూలర్. దాని ఎదురుగా క్యాబినెట్ పెడితే చల్లగా ఉంటుందనుకుంటారు. ఆ తడి గాలికి లోపలి దుమ్ము ముద్దకట్టి, బోర్డు మీది లోహానికి చిలుము పడుతుంది. కూలర్ గాలి మనిషికే తగలాలి.

ఇవన్నీ కుదిరాక మిగిలింది సులువు. మానిటర్ కాకుండా 60 వేలు ఉంటే అందులో 22 నుంచి 25 వేలు గ్రాఫిక్స్ కార్డుకు పోతాయి. ప్రాసెసర్ రైజెన్ 5 5600 గానీ, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ గానీ సరిపోతుంది. రెండింటికీ ఆరేసి కోర్లు. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు తర్వాత కొందాంలే అని దాన్ని తెస్తే తెర మీద బొమ్మే రాదు. నిజంగానే కార్డు వాయిదా వేసేవారు 5600జీ లాంటిది చూసుకోవాలి. ర్యామ్ 8 జీబీవి రెండు పక్కపక్కన పెడితే 16 జీబీది ఒక్కటి పెట్టినదానికంటే ఆటలు మెరుగ్గా నడుస్తాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండు అమ్మకాలనే మానుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. సెకండ్ హ్యాండ్ విడిభాగాల్లో ధైర్యంగా కొనదగ్గది ర్యామే, అదీ దుకాణంలో పరీక్షించి చూశాక.

పాత గ్రాఫిక్స్ కార్డుల దగ్గర అంత ధైర్యం వద్దు. 2022 సెప్టెంబరులో క్రిప్టో కరెన్సీ ఎథీరియం తన పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్ ఆపేశాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా పాత బజారుకు చేరాయి. తుడిచి పెట్టెలో పెడితే కొత్తదానిలాగే కనిపిస్తాయి.

30 వేలే ఉంటే వేరే దారి ఉంది. కంపెనీలు వదిలించుకున్న ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని, అందులో ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు పెట్టొచ్చు. అది 70 వాట్లదే. విడిగా కరెంటు తీగ అక్కరలేదు, పాత ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుంది. సన్నటి డబ్బా అయితే అందులో పట్టే పొట్టి రకం కార్డు అడగాలి. 3050లోనే 8 జీబీది ఇంకొకటి ఉంది. మెమరీ ఒక్కటే తేడా అనుకోవద్దు, 6 జీబీదానిలో కోర్లూ తక్కువే.

ఎక్కడ కొనాలి? కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరూ సీటీసీ అనేదానికి, రాజీవ్ రహదారి మీద పొద్దున పోయి రాత్రికి రావచ్చు. ఆదిలాబాద్‌కు హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. ఆసుపత్రులకు నాగ్‌పూర్ పోయినట్టే దీనికీ పోవచ్చు. హైదరాబాద్ నుంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్ రైల్లో మానిటర్ ఒళ్లో పెట్టుకుని రావడం కంటే అది మేలు. ఆన్‌లైన్ ధర కొంత తక్కువున్నా, మొదటిసారి కొనేవారికి ఊళ్లోని దుకాణదారే నయమని నా అభిప్రాయం. చెడిపోయిన కార్డును సర్వీస్ సెంటర్‌కు పంపి తెప్పించే పని ఆయన మీద ఉంటుంది.

చివరగా, సూట్‌కేసు. డాలస్‌లోని మైక్రో సెంటర్‌లోనో, బర్ దుబాయ్ కంప్యూటర్ వీధిలోనో ధర చూసి మనకు చెయ్యి ఆగదు. కస్టమ్స్‌లో వయోజన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ మీద సుంకం లేదు, కానీ గ్రాఫిక్స్ కార్డు ల్యాప్‌టాప్ కాదు. అది మామూలు సామాను లెక్కలోకే వస్తుంది. ఆ లెక్కకు 2016 నిబంధనలు పెట్టిన హద్దు 50,000 రూపాయలు. బయలుదేరే ముందు కొత్త హద్దు చూసుకోండి. అంతకంటే పెద్ద చిక్కు వారంటీ: చాలా కార్డులకు అది కొన్న దేశంలోనే చెల్లుతుంది. 45 డిగ్రీల ఎండలో రెండేళ్లు పనిచేసి ఆగిపోతే, మళ్లీ మీ సూట్‌కేసులోనే వెనక్కి రావాలి.

కాబట్టి కార్డు తేకండి, డబ్బు పంపండి. బిల్లు మేనల్లుడి పేరు మీద, ప్రతి భాగం సీరియల్ నంబరుతో రాయించుకోమనండి. ఎర్తింగ్ చూపించి ఫొటో పెట్టాకే పంపుతానని చెప్పండి.