ఊహకు హక్కుదారెవరు?

ఒక కుర్రవాడు పాత మోటారు, సైకిలు చక్రం, నాలుగు ఇనుప బద్దలు పోగుచేసి, మిరపకాయల తొడిమలు తీసే యంత్రం చేయాలని కూర్చున్నాడనుకోండి. నెల్లాళ్లు నిద్రాహారాలు మాని ఏదో ఒక రూపానికి తెస్తాడు. చూడవచ్చిన పక్కింటి పెద్దమనిషి, "ఇందులో నీదేముందిరా? ఆ పళ్లచక్రం పిండిమరలో ఉన్నదేగా!" అని చప్పరించేస్తాడు. ఆ మరుసటి నెలలోనే ఆయనగారి బావమరిది అచ్చు అలాంటి యంత్రమే చేయించి అమ్మకానికి పెడితే మాత్రం, "ఊహలకు కూడా హద్దురాళ్లుంటాయా?" అంటాడు. మా తాడేపల్లిలోనే కాదు, ఏ ఊళ్లోనైనా వినిపించే మాటలే ఇవి. వీటిలో ఏది న్యాయం?

ఈ తగవు తీర్చడానికి చింతకింది మల్లేశం గారి కథ చక్కగా పనికివస్తుంది. వారిది ఆలేరు దగ్గర శారాజీపేట. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. చేనేత కుటుంబం, చదువు ఆరో తరగతితో ఆగింది. పోచంపల్లి పద్ధతి చీరకు చిటికి కట్టి రంగులద్దే ముందు, అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల చుట్టూ దారం పోయాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి; నాలుగైదు గంటల పని. ఇంటి ఆడవాళ్ల భుజాలు పడిపోయే చాకిరీ అది. తల్లి లక్ష్మమ్మగారి బాధ చూడలేక 1992లో ఆయన యంత్రం కోసం తంటాలు మొదలుపెట్టారు. అప్పులయ్యాయి, ఊరివారి ఎకసెక్కాలు వినవలసివచ్చింది. చివరకు 1999లో యంత్రం పూర్తయింది. చీరకు గంటన్నరలో ఆసు తయారు! దానికి తల్లి పేరే పెట్టి 'లక్ష్మీ ఆసు యంత్రం' అన్నారు. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా కూడా వచ్చింది.

ఇందులో మన ప్రశ్నకు పనికివచ్చే ముచ్చట ఒకటున్నది. యంత్రం చాలాభాగం అయిన తరువాత ఒక కదలిక దగ్గర పని చిక్కుపడిపోయింది. పొట్టకూటికి హైదరాబాదు వెళ్లి, బాలానగరులో ఒకచోట పని చేస్తుండగా, అక్కడి యంత్రమొకటి ఆయన కంటపడింది. తాను వెతుకుతున్న కదలిక అందులో ఉన్నది! దాన్ని తన యంత్రానికి అనువుగా మలుచుకున్నారు. ఆ సంగతి ఆయనే దాచకుండా చెప్పుకున్నారు.

మరి ఇది దొంగతనమేనా? మా తెలుగు పాఠాల్లో దీనికి జవాబు ఎప్పుడో ఉన్నది. శ్రీహర్షుడి నైషధాన్ని శ్రీనాథుడు తెనిగిస్తే, సంస్కృత పండితులు "నీ డుమువులు నువ్వు తీసుకుని, మా నైషధం మాకిచ్చెయ్యి" అని ఎగతాళి చేశారని చెప్పుకుంటారు. ఆ పండితుల పేర్లు లోకం మరచిపోయింది. శృంగార నైషధం మాత్రం నిలిచింది. బాలానగరు యంత్రానికి ఆసు తెలియదు. ఆసు తెలిసిన శారాజీపేటకు ఆ కదలిక తెలియదు. రెంటికీ పెళ్లిచేసిన బుద్ధి మల్లేశం గారిది.

మన పేటెంటు చట్టం (1970) కూడా ఇంచుమించు ఈ దారినే నడుస్తుంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, దేని పని అది చేసుకుపోతూ ఉంటే దాన్ని నూతన కల్పన అనదు. తాతలనాటి సంప్రదాయ విద్యకు ఒక్కడు హక్కుదారు కావడానికీ వీలులేదు. కాబట్టి ఆసు పోయడమనే పద్ధతి ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాన్ని చేసిపెట్టే కొత్త యంత్రం మీద మాత్రం హక్కు అడగవచ్చు. ఆ హక్కయినా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే. ప్రతిఫలంగా యంత్రం గుట్టంతా పత్రంలో రాసి లోకానికి వెల్లడించాలి. గడువు తీరితే అది అందరి సొమ్ము. ఈలోగా కూడా పరిశోధనకో, పిల్లలకు పాఠం చెప్పడానికో ఇంకొకరు దాన్ని చేసి చూసుకోవచ్చునని చట్టమే అంటున్నది. తెలుసుకోవడాన్ని అది ఆపదు.

అయితే హక్కు కాగితం చేతికి వచ్చినంత మాత్రాన కడుపు నిండదు. మా పక్కనున్న మంగళగిరి మగ్గాల మీద తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది చూశారా? ఆ ఉపాయానికి ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన 1733లో పేటెంటు తీసుకున్నాడు. బట్టల వ్యాపారులు వాడుకున్నారే గాని రుసుము ఇవ్వలేదు. పైగా సంఘంగా చేరి కోర్టు ఖర్చులకు చందాలు వేసుకున్నారు! వ్యాజ్యాలతో నలిగిపోయిన కే చివరకు ఫ్రాన్సు చేరాడు. లోకానికి బట్ట దండిగా దొరికింది. దొరకనిది ఆయన కష్టానికి ఫలం.

ఒకరి సొత్తు కాని విద్యలకు వేరే కాపు ఉన్నది. మంగళగిరి చీరలకు, పోచంపల్లి ఇకత్‌కు, గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మీద హక్కు ఊరుమ్మడి హక్కు.

కనుక ఇంట్లో యంత్రాలతో కుస్తీపట్టే పిల్లలుంటే పెద్దలు రెండు మాటలు చెప్పాలి. ఏనాడు ఏమి తోచిందో తేదీ వేసి పుస్తకంలో రాసుకొమ్మనండి. పేటెంటు ఆశ ఉంటే నలుగురికీ గుట్టు చెప్పకముందే దరఖాస్తు పెట్టుకొమ్మనండి. తాత్కాలిక వివరణ ముందు దాఖలుచేసి, పూర్తి వివరణ 12 నెలల్లోగా ఇవ్వవచ్చు. ఇటువంటివారికి సాయపడేందుకే 2000లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఏర్పడింది. తెలుగునాట 'పల్లెసృజన' ఉన్నది.

ఇంకొకటి చట్టంలో లేనిది. మన కావ్యకర్తలు కథ ఎత్తుకునే ముందు పూర్వకవిస్తుతి చేసేవారు. ఎవరి వల్ల తమకు విద్య అబ్బిందో వారి పేరు చెప్పి దండంపెట్టాకే తమ పద్యం మొదలు. యంత్రం చేసేవారికి కూడా అది తగిన ఆచారమే. "ఈ చక్రం ఫలానా వారి దగ్గర చూశాను, ఈ మలుపు నాది" అన్నవాడి పేరు చిన్నబోదు. ఇక పెద్దమనిషి బావమరిది సంగతా? యంత్రం చేయించే ముందు పక్కింటికి వెళ్లి, "అబ్బాయీ, నీది చూసి చేయించుకుంటున్నాను; నీకేమివ్వమంటావు?" అని అడిగితే సరి. ఆ ఒక్క ప్రశ్నతో సగం తగవులు కోర్టు మెట్లెక్కవు.