కార్చిచ్చు ఒక్కో ఏడు ఎందుకు తగ్గుతుంది?

పిల్లలూ! వేసవి రాగానే పత్రికల్లో "అడవిలో మంటలు" అనే వార్తలు మొదలవుతాయి. ఎండ మండిపోతోంది, అందుకే అడవి అంటుకుంది అని మనం అనుకుంటాం. అదే నిజమైతే ప్రతి వేసవిలోనూ మంటలు ఇంచుమించు ఒకే లెక్కన రావాలి. ఎండ లేని వేసవి మనకు ఎప్పుడు వచ్చింది గనుక!

కానీ లెక్కలు మరోలా ఉన్నాయి. 2019 నవంబరు నుంచి 2020 జూన్ వరకు మన దేశపు అడవుల్లో ఒక ఉపగ్రహ పరికరం పసిగట్టిన మంటల గుర్తులు సుమారు 1 లక్షా 24 వేలు. మరుసటి ఏడు అదే నెలల్లో అవి సుమారు 3 లక్షల 46 వేలు! అడవులు అవే, చెట్లు అవే. ఒక ఏడాదిలో దాదాపు మూడు రెట్లు ఎందుకయింది? 2022లో మళ్లీ 2 లక్షల 23 వేలకు ఎందుకు దిగింది? ఇందులోని గుట్టు తెలుసుకుందాం.

ఎండ నిప్పు పెట్టదు

ఏ మంటకైనా మూడు కావాలి. కాలడానికి వస్తువు, ప్రాణవాయువు, అంటించే వేడి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మంట లేదు. గాలిలో ప్రాణవాయువు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి తేడా మిగిలిన రెండింటిలోనే ఉండాలి.

ఎండిన ఆకు అంటుకోవాలంటే అది సుమారు 300 సెంటీగ్రేడు డిగ్రీల దాకా వేడెక్కాలి. మే నెల మధ్యాహ్నం కాళ్లు కాలే బండరాయి కూడా 60, 70 డిగ్రీలను మించడం అరుదు. కాబట్టి ఎండ ఒక్కటే అడవిని అంటించలేదు. పిడుగు అంటించగలదు. అయితే మన ప్రాంతంలో పిడుగు సాధారణంగా వానను వెంటబెట్టుకుని వస్తుంది. అందుకే మన అడవుల్లో మంటలు చాలా మటుకు మనిషి చేతి నుంచే మొదలవుతాయి. ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క, వంట చేసుకుని వదిలేసిన పొయ్యి, లేత గడ్డి మొలుస్తుందని పెట్టిన నిప్పు, ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టడం, పొలం గట్టున పెట్టిన మంట గాలికి అటు పోవడం. ఇవీ కారణాలు.

మరి ఎండ చేసే పని ఏమిటి? అది ఆకులోని తేమను లాగేస్తుంది. అసలు కథ అక్కడే ఉంది.

తేమ చేసే కాపలా

ఒక చిన్న లెక్క వేద్దాం. 100 గ్రాముల బాగా ఎండిన ఆకులను 30 డిగ్రీల నుంచి 300 డిగ్రీల దాకా వేడి చేయడానికి ఇంచుమించు 10,000 కాలరీలు పడతాయి. ఆ ఆకుల్లో 25 గ్రాముల నీరు కూడా ఉందనుకోండి. ఒక గ్రాము నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కాలరీలు, దాన్ని ఆవిరి చేయడానికి మరో 540 కాలరీలు కావాలి. మొత్తం 610. అంటే 25 గ్రాములకు 15,250 కాలరీలు! ఆకును అంటించడానికి అయ్యే ఖర్చు కంటే, అందులోని కాస్త నీటిని తరిమేయడానికి అయ్యే ఖర్చే ఎక్కువ అన్నమాట.

మంట ఒక ఆకు నుంచి పక్క ఆకుకు పాకాలంటే, కాలుతున్న ఆకు ఆ ఖర్చు భరించాలి. భరించలేకపోతే అక్కడే ఆరిపోతుంది. రాలిన ఆకుల్లో, ఎండు గడ్డిలో తేమ 25, 30 శాతం ఉంటే మంట సాధారణంగా ముందుకు సాగదు. మండుటెండలో, పొడిగాలిలో ఆ తేమ 5 శాతానికి పడిపోతుంది. అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇది మీరు నిప్పు ముట్టకుండానే పరీక్షించవచ్చు. తెల్లవారుజామున చెట్టు కింద రాలిన ఆకులు ఏరి బడి తక్కెడలో తూచండి. వాటిని రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, మధ్యాహ్నం మళ్లీ తూచండి. 60 గ్రాములు 50 గ్రాములయితే, పోయిన 10 గ్రాములూ నీరే. ఎండిన బరువులో అది 20 శాతం. చేతితో నలిపి కూడా చూడండి. పొద్దున వంగిన ఆకు మధ్యాహ్నం పొడి అవుతుంది.

వాన ఎంత అని కాదు, ఎప్పుడు అని

అర సెంటీమీటరు కన్నా సన్నని పుల్ల ఒక గంటలోనే చుట్టూ గాలిలోని తేమకు సర్దుకుంటుంది. చేయి లావు దుంగకు వారాలు పడతాయి. కాబట్టి ఆగస్టులో కురిసిన భారీ వర్షం మార్చి నాటికి ఎండుటాకును కాపాడదు. దాని తడి ఎప్పుడో పోయింది. కానీ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే రెండు మూడు అకాల వర్షాలు, ఒక వడగళ్ల వాన అడవికి చాలా మేలు చేస్తాయి. ప్రతి జల్లూ ఆకుల పరుపును మళ్లీ తడుపుతుంది. ఎండడానికి మళ్లీ మొదటి నుంచి రోజులు లెక్కపెట్టాలి.

ఇప్పుడు 2020 సంగతి చూడండి. 2019లో నైరుతి ఋతుపవనాలు చాలా ఆలస్యంగా, అక్టోబరు 9న గాని వెనుదిరగడం మొదలుపెట్టలేదు. నేలలో తడి ఎక్కువ కాలం నిలిచింది. 2020 మార్చిలో దేశంలో మామూలు కంటే ఎక్కువ వాన పడింది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్ వల్ల మనుషుల రాకపోకలు కూడా తగ్గాయి. కాలే వస్తువు తడిసింది, అంటించే చేయి తగ్గింది. 2020 వానాకాలంలోనూ మంచి వానలే పడ్డాయి. కానీ 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాన మామూలు కంటే బాగా తగ్గింది. వానాకాలాలు రెండూ మంచివే, వేసవులు మాత్రం వేరు!

గడ్డి లెక్క వేరు, చెట్ల లెక్క వేరు

వాన ఎక్కువైతే మంటలు తగ్గుతాయని ఖాయంగా చెప్పవచ్చా? చెప్పలేం. వాన గడ్డిని పెంచుతుంది. ఆ గడ్డే ఎండి మరుసటి వేసవికి ఇంధనమవుతుంది.

ఆస్ట్రేలియాలో ఈ రెండు లెక్కలూ కనిపిస్తాయి. ఆ దేశపు నడిమధ్య ఎడారి నేలల్లో గడ్డి పలుచన. కరువు ఏడాదిలో అక్కడ కాలడానికే ఏమీ ఉండదు. 2010, 2011లలో వానలు బాగా కురిశాక గడ్డి ఏపుగా పెరిగి, తర్వాత పెద్ద మంటలు వచ్చాయి. ఆగ్నేయంలోని దట్టమైన అడవుల్లో ఇంధనానికి ఎప్పుడూ కొదవ లేదు. అక్కడ కరువే ప్రమాదం. ఆ దేశ చరిత్రలో నమోదైన వాటిలో అత్యంత వేడిగా, పొడిగా గడిచిన ఏడాది 2019. ఆ వేసవిలోనే ఆ అడవులు ఘోరంగా కాలాయి.

మన నల్లమల ఈ రెంటికీ నడుమ ఉంటుంది. చెట్లు ఎడంగా, కింద గడ్డి. టేకు, తునికి, మద్ది వంటి చెట్లు వేసవికి ముందు ఆకు రాలుస్తాయి. ఏటా కొత్త ఇంధనం పరుచుకుంటుంది. వానాకాలం రాగానే చెదలు, బూజు అందులో చాలా భాగాన్ని మట్టిలో కలిపేస్తాయి. కాబట్టి మన అడవికి ఏటా కొత్త పద్దే. వేసవి ముందు జల్లులు, గాలి, మనిషి జాగ్రత్త, ఈ మూడూ కలిసి ఆ ఏటి ఫలితాన్ని తేలుస్తాయి. కొండ వాలు కూడా లెక్కలోకి వస్తుంది. మంట పైకి పాకేటప్పుడు ఎదుటి ఆకులను ముందే ఆరబెట్టుకుంటూ, వేగం పెంచుకుంటూ పోతుంది.

లెక్క ఎవరు వేస్తారు?

ఈ గుర్తులను పట్టే ఉపగ్రహాలలో ఒకటి సువోమి ఎన్‌పీపీ. 2011లో ఎగిరింది. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి మన మీదుగా పోతూ నేల వేడిని చూస్తుంది. దాని సమాచారాన్ని అందుకునే భూకేంద్రం ఎక్కడో కాదు, మన రంగారెడ్డి జిల్లాలోని షాద్‌నగర్‌లోనే ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఆ గుర్తులను సరిచూసి, అడవి సిబ్బంది సెల్‌ఫోన్లకు కబురు పంపుతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఒక గుర్తు అంటే ఒక మంట అని కాదు. పొడవైన మంట పది గుర్తులుగా కనిపించవచ్చు. మబ్బు చాటున కాలింది అసలే కనిపించకపోవచ్చు. అందుకే అడవిలో తిరిగే మనుషులు కావాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అడవి కాపలాదారులుగా చెంచులు కూడా పనిచేస్తున్నారు. వేసవికి ముందే ఆకులు, గడ్డి తొలగించి ఫైర్ లైన్లు వేస్తారు. ఆ ఖాళీ గీత దగ్గర మంటకు మేత దొరకదు.

ప్రశాంతమైన ఏడు అడవికి ఏమిస్తుంది?

మోకాలెత్తు మొక్కను చిన్న మంట కూడా మాడ్చేస్తుంది. వేరు బతికితే మళ్లీ చిగురిస్తుంది. మరుసటి ఏడు మళ్లీ కాలుతుంది. ఇలా ఏళ్ల తరబడి ఎదగని మొక్కలు అడవిలో ఎన్నో. వరసగా కొన్నేళ్లు మంట రాకపోతే ఆ మొక్క మంట అందనంత ఎత్తుకు పెరుగుతుంది, బెరడు దళసరి అవుతుంది. అప్పుడది చెట్టయినట్టే. నేల మీద గుడ్లు పెట్టే నెమలికి, తీతువుకు, మెల్లగా నడిచే తాబేలుకు కూడా అదే ప్రాణభిక్ష.

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి నల్లమల సుమారు వంద కిలోమీటర్ల దూరం. కానీ ఈ సూత్రం మీ ఊరి గుట్టకూ వర్తిస్తుంది. అక్కడా సీతాఫలం, తంగేడు, రేగు పొదల మధ్య గడ్డి ఎండుతుంది. విజయవాడ రోడ్డు పక్కన పడిన ఒక్క నిప్పురవ్వ గుట్ట ఎక్కగలదు, కళ్లంలోని గడ్డివామునూ అంటించగలదు. పొగ కనబడితే ఆర్పడానికి మీరు పరుగెత్తకండి. పెద్దలకు చెప్పి 101కి ఫోన్ చేయించండి.

జల్లులు మన చేతిలో లేవు, నిప్పు ఉంది. జనవరి నుంచి మే వరకు వాన పడిన తేదీలు, గుట్ట మీద మంట కనిపించిన తేదీలు ఒక నోటుపుస్తకంలో రాయండి. మూడు నాలుగేళ్లు రాశాక రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వాన లేకపోయినా మంట రాని ఏడు ఒకటి అందులో కనిపిస్తే, ఆ ఏడు ఎవరో జాగ్రత్తగా ఉన్నారన్నమాట.