మెలి తిరిగిన శిఖరం: ఒక వడ్రంగిపై ఆరున్నర శతాబ్దాల అభియోగం

షెఫీల్డ్ నుండి లండన్ వెళ్ళే రైలు బయలుదేరిన కొద్ది నిమిషాలకే చెస్టర్‌ఫీల్డ్ పట్టణం వస్తుంది. కిటికీ ప్రక్కన కూర్చున్నవారు ఇళ్ళ కప్పుల మీదుగా చూపు సారిస్తే ఒక చర్చి శిఖరం కనబడుతుంది. 2003లో పరిశోధక విద్యార్థిగా ఈ దేశానికి వచ్చిన క్రొత్తలో దానిని మొదటిసారి చూచినపుడు, లోపం రైలు కిటికీ అద్దంలో ఉన్నదనుకొన్నాను. తల అటూ ఇటూ జరిపి చూచాను. అద్దంలో ఏ లోపమూ లేదు. తడిగుడ్డను పిండినట్లుగా శిఖరమే మెలి తిరిగి, ఒక ప్రక్కకు ఒరిగి నిలిచి ఉన్నది.

అది సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ అనే పారిష్ చర్చి. డర్బీషైర్‌లోని చర్చిలలోకెల్లా పెద్దది. శిఖరాగ్రం నేల నుండి 228 అడుగుల ఎత్తున ఉన్నది. అది ఉండవలసిన చోటు నుండి సుమారు తొమ్మిదిన్నర అడుగులు ప్రక్కకు జరిగినది. మెలి 45 డిగ్రీలు. శిఖరానికి ఎనిమిది ముఖాలు కనుక 45 డిగ్రీలంటే సరిగ్గా ఒక ముఖం వెడల్పు. అనగా అడుగున ఒక దిక్కుకు మొగమై ఉన్న ముఖం పైకి పోయేసరికి ప్రక్క ముఖం స్థానాన్ని ఆక్రమించినదన్నమాట.

కట్టడం కథ

చెస్టర్‌ఫీల్డ్‌కు 1204లో జాన్ రాజు సంత జరుపుకొనే హక్కును ప్రసాదించాడు. వర్తకం వృద్ధి పొందింది. వర్తకుల ధనంతో చర్చి పెరిగింది. 1234లో ప్రతిష్ఠ జరిగినా, నేడు మనకు కనబడే కట్టడంలో అధిక భాగం పదునాల్గవ శతాబ్ది నాటిది. ఆనాటి ఆంగ్ల చర్చిలు ఒక్కసారిగా కట్టినవి కావు. ఒక తరం గోడ లేపితే, మరొక తరం కిటికీలను వెడల్పు చేసేది, ఇంకొక తరం కప్పును మార్చేది. అందుచేత తొలి గోథిక్ శైలి మొదలు నిలువు గీతల పెర్పెండిక్యులర్ శైలి వరకు అన్నీ ఇక్కడ ఒకే కప్పు క్రింద చూడవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి దీనికి జీర్ణోద్ధరణ చేశాడు.

చర్చి నమూనా శిలువ ఆకారంలో ఉంటుంది. శిలువ భుజాలు కలిసే చోట రాతి గోపురం, దానిపై 1362 ప్రాంతంలో నిలిపిన కొయ్య శిఖరం ఉన్నాయి. లోపల ఓక్ కలప చట్రం, పైన సీసపు రేకుల తొడుగు. ఆ రేకులు ఏటవాలుగా, చేపముల్లు ఆకారంలో అమర్చి ఉన్నందున చదునైన ముఖాలు కూడా గాళ్ళు పడినట్లు కనబడి, మెలి ఉన్నదానికన్నా ఎక్కువగా తోస్తుంది.

అపవాదులు

ఇంతటి వింతకు కథలు పుట్టక మానవు. సమీపంలోని బోల్సోవర్ పట్టణంలో ఒక కమ్మరి సైతానుకు లాడం కొడుతూ మేకును మాంసంలోకి దిగగొట్టాడట. ఆ బాధతో సైతాను చెస్టర్‌ఫీల్డ్ మీదుగా ఎగిరిపోతూ శిఖరాన్ని కాలితో తన్నాడట. స్థానికులు నవ్వుతూ చెప్పే మరొక కథలో, నిజమైన కన్య ఒకతె పెళ్ళికి రాగా శిఖరం ఆశ్చర్యపడి తిరిగి చూచినదట!

కథలను నమ్మనివారు చెప్పే మాట వేరు. 1348-49 సంవత్సరాలలో ఇంగ్లండును ప్లేగు మహమ్మారి కబళించింది. 1361లో మరల వచ్చింది. పనివాళ్ళలో ఎందరో మరణించారు. నైపుణ్యం చాలని వడ్రంగి ఎవడో పచ్చి కలపతో శిఖరం కట్టాడు, అది వంగిపోయింది అంటారు. సైతాను మీద నేరం మోపినా, ప్లేగు వాత పడక మిగిలిన అనామక వడ్రంగి మీద మోపినా, రెండింటిలోనూ ఒక సౌకర్యం ఉన్నది. జవాబు చెప్పడానికి ముద్దాయి రాడు.

కలప, సీసం, సూర్యుడు

రసాయన శాస్త్రజ్ఞుడిగా నాకు సాక్షులు కలప, సీసమే. ముందుగా కలపను విచారిద్దాం. అప్పుడే నరికిన ఓక్‌లో ఉండే నీరు దాని ఎండు బరువులో 60 నుండి 80 శాతం వరకు ఉంటుంది. అది ఆరేకొద్దీ కలప కుంచించుకుపోతుంది. అయితే అన్ని వైపులా సమానంగా కాదు. పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 8 శాతం, కేంద్రం నుండి బెరడు వైపుకు అందులో సగం, నిలువునా అత్యల్పం. ఈ అసమానత వల్లనే దూలం మెలి పడుతుంది. మన ఊళ్ళలో ఆరని కర్రతో చేయించిన తలుపు ఏడాది తిరగకుండానే గడియ పడక మొరాయించడం మనమెరిగినదే.

కాని ఆనాటి ఆంగ్ల వడ్రంగులందరూ పచ్చి ఓక్‌నే వాడేవారు. ఎండి బిగిసిన ఓక్ వారి బాడిశలకు సులువుగా లొంగేది కాదు. అదే పచ్చి కలపతో కట్టిన చర్చి కప్పులు ఈ దేశంలో లెక్కకు మిక్కిలిగా నేటికీ చక్కగా నిలిచి ఉన్నాయి. కనుక పచ్చి కలప ఒక్కటే నేరస్థురాలు కాదు.

ఇక సీసం. ఈ శిఖరం మీద 30 టన్నులకు పైబడి సీసం ఉన్నది. ఏడెనిమిది ఏనుగులు ఎక్కి కూర్చున్నట్లే! డర్బీషైర్ సీసపు గనులకు పేరుపడ్డ ప్రాంతం కనుక ఆ లోహం వారికి చేరువలోనే దొరికేది. మొదట ఇక్కడ తేలికైన కొయ్య పెంకులు ఉండేవనీ, సీసం తరువాత వచ్చినదనీ, వంపు అప్పుడే మొదలైనదనీ కొందరి అభిప్రాయం. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పరమ ఉష్ణమానంలో లెక్కిస్తే మన గది ఉష్ణోగ్రత సీసపు ద్రవీభవన స్థానంలో దాదాపు సగం. సుమారు 600 డిగ్రీల వేడిలో ఉక్కు ఏ స్థితిలో ఉంటుందో, మామూలు రోజున సీసం ఇంచుమించు ఆ స్థితిలో ఉంటుంది. తన బరువుకు తానే నెమ్మదిగా సాగుతుంది. పైగా ఎండకు 30 డిగ్రీలు వేడెక్కితే మీటరు పొడవు రేకు దాదాపు 0.9 మిల్లీమీటరు పెరుగుతుంది. దాని క్రింది ఓక్, నార వెంబడి, అందులో ఆరవ వంతు మాత్రమే పెరుగుతుంది. ఎండ తగిలే దక్షిణ ముఖంలో ఈ సాగుదల ఎక్కువ, నీడలోని ఉత్తర ముఖంలో తక్కువ. ఏళ్ళ తరబడి ఈ లాగులాట జరిగింది.

అయినా సీసమూ ఒంటరి దోషి కాదు. లింకన్‌షైర్‌లోని లాంగ్ సట్టన్ చర్చికి పదమూడవ శతాబ్ది నాటి సీసపు తొడుగు గల కొయ్య శిఖరమే ఉన్నది. అది ఇలా మెలి తిరగలేదు.

మూడవది ఊత. పందిరి వేసేటప్పుడు గుంజలకు ఏటవాలు కర్రలు కట్టకపోతే ఏమవుతుంది? గుంజలన్నీ ఒకే వైపుకు వాలిపోతాయి. వృత్తాకారంలో నిలిపిన ఎనిమిది వాసాలు ఒకే వరుసలో ప్రక్కకు వాలితే ఆ కదలికే మెలి అవుతుంది. చెస్టర్‌ఫీల్డ్ శిఖరంలో అటువంటి అడ్డ ఊతలు చాలినన్ని లేవు. తేలికపాటి కప్పుకు ఆ చట్రం సరిపోయేదేమో. ఎండుతున్న కలప, సాగుతున్న సీసం, ఒక ప్రక్కనే కాచే ఎండ, చాలని ఊతలు, ఈ నాలుగూ ఒక్కచోట కలిశాయి. ఏ ఒక్కటి విడిగా ఉన్నా శిఖరం నిటారుగా ఉండేదేమో!

నా సంతకం

ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఒక కారణమున్నది. కొన్ని సంవత్సరాల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో ఒక స్ఫటికీకరణ చెడిపోయి విలువైన సరుకు వ్యర్థమైనది. విచారణ నివేదిక వ్రాసినవాడిని నేనే. ద్రావణిని కలపడంలో ఒక యువ సాంకేతికుడు ఇరవై నిమిషాలు ఆలస్యం చేసిన మాట నిజం. ఆ ఒక్క కారణమే వ్రాసి సంతకం చేశాను. అతడు కొద్ది వారాలకే ఉద్యోగం మానుకొన్నాడు. తరువాత వేరొక పని మీద పాత లెక్కలు తిరగవేస్తుంటే, ఆ విడత ద్రావణిలో నీటి శాతం హెచ్చుగా ఉన్నదనీ, ఉష్ణమాపకం రెండు డిగ్రీలు తక్కువ చూపినదనీ తెలిసినది. అతని ఆలస్యం మరొక రోజున ఎవరికీ తెలియకుండానే గడిచిపోయేది. నివేదికను సవరించి ఇచ్చాను, అతనికి ఉత్తరమూ వ్రాశాను. జవాబు రాలేదు. రావాలని కోరే అర్హత నాకున్నదనీ అనుకోను.

నేటికీ నిలిచినది

1961 డిసెంబరు 22న ఈ చర్చిలో అగ్నిప్రమాదం సంభవించింది. ఉత్తరపు భుజంలో అధిక భాగం, స్నెట్జ్‌లర్ నిర్మించిన పురాతనమైన ఆర్గన్ వాద్యం అగ్నికి ఆహుతి అయినాయి. అగ్నిమాపక దళం వారి శ్రమ వల్ల శిఖరం దక్కింది. ఊరివారికి ఆ వంకర శిఖరమే గర్వకారణం. వారి ఫుట్‌బాల్ జట్టుకు ముద్దుపేరు కూడా శిఖరం పేరు మీదనే వచ్చినది.

పాఠకులలో ఎవరైనా ఆ వైపు ప్రయాణం చేస్తే, ఒక పూట దిగి, పిల్లలను వెంటబెట్టుకొని ఆ గోపురం ఎక్కండి. పైన గైడు సైతాను కథ చెబుతాడు, పిల్లలు నవ్వుతారు. తరువాత వారికి ఆ వాసాలను చూపించి, ఎవరి పొరపాటు అని అడగండి. మొదటి జవాబు వినగానే, ఇంకేమేమి కారణాలు ఉండవచ్చునో మరొక్కసారి అడగండి. ఆ వడ్రంగి పేరు మనకు తెలియదు. ప్లేగు ఏళ్ళలో, తాను లెక్కించని బరువును సైతం ఆరున్నర శతాబ్దాలు మోయగల చట్రాన్ని అతడు కట్టాడని మాత్రం తెలుసు.